బరువు తగ్గాక తుంటి, నడుము నొప్పి: పరుపు మార్చాలా, కండ పెంచాలా, డాక్టర్‌ని కలవాలా?

బరువు తగ్గితే నడుము నొప్పి తగ్గుతుందని చెప్పని డాక్టర్ ఉండడు. చాలామందికి తగ్గుతుంది కూడా. మోకాళ్లు తేలికపడతాయి, మెట్లెక్కితే ఆయాసం రాదు. అయితే ఇరవై ముప్పై కిలోలు తగ్గినవాళ్లలో కొందరికి అంతకుముందు లేని బాధ మొదలవుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే తుంటి ఎముక పరుపుకు ఒత్తుకుని తెల్లవారకముందే మెలకువ వస్తుంది. పెళ్లిలో కింద కూర్చుంటే కాసేపటికే పిరుదుల కింద ఎముకలు నేలకు గుచ్చుకుంటాయి. పొద్దున లేచేసరికి నడుము కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. ఇంట్లో చెబితే "ఇంత సన్నవడితివి, ఇంకేం నొప్పి" అంటారు. వాడకట్టులో అయితే "షుగరొచ్చిందా ఏంది" అని మొహం మీదే అడుగుతారు.

ఈ నొప్పి పేరు చెప్పి అమ్మేవి హనుమకొండ, వరంగల్ దుకాణాల్లో చాలానే ఉన్నాయి. ఆర్థో పరుపులు, మెమరీ ఫోమ్, గుండ్రటి దిండ్లు, నడుము బెల్టులు, నూనెలు, మసాజ్ మిషన్లు. డబ్బు బయటికి తీసేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. నొప్పి ఎముక ఒత్తుకోవడం వల్ల వస్తోందా, కండ తగ్గడం వల్ల వస్తోందా, లేక బరువు తగ్గడంతో సంబంధం లేని ఇంకేదైనా జబ్బు వల్లా? పరుపు మొదటిదానికే పనికొస్తుంది. రెండోదానికి వ్యాయామం, తిండి కావాలి. మూడోదానికి ఈ రెండూ పనిచేయవు, డాక్టర్ కావాల్సిందే.

ఏ నొప్పి ఏది

ఎముక ఒత్తుకునే నొప్పి మీరు ఎలా ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. పడుకున్న పక్కనే నొస్తుంది, పక్క మార్చితే కాసేపట్లో తగ్గుతుంది. గట్టి బెంచీ మీద ఎక్కువ, సోఫా మీద తక్కువ. తొడ పైభాగంలో బయటికి పొడుచుకొచ్చే ఎముక, కూర్చున్నప్పుడు నేలకు తగిలే రెండు ఎముకలు, ముడ్డిపూస, వీటి మీద ఒకప్పుడు మందంగా కొవ్వు ఉండేది. అది కరిగాక చర్మానికీ ఎముకకూ మధ్య మెత్త మిగల్లేదు. భయపడాల్సిన పనిలేదు, అడ్డం ఏదైనా పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

కండ తగ్గిన నొప్పి సాయంత్రానికి పెరుగుతుంది. ఎక్కువసేపు నిలబడితే, వంగి ఊడిస్తే, బిందె ఎత్తితే నడుము లాగుతుంది. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం కష్టమవుతుంది. బరువు తగ్గినప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. తిండి తగ్గించి, వ్యాయామం లేకుండా తగ్గినవాళ్లకు పోయిన బరువులో దాదాపు పావు వంతు దాకా కండ, దానితో పాటు ఉండే నీరు ఉంటాయి. బరువు తగ్గడానికి కడుపుకు చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, 2025లో మన దేశంలోకి వచ్చిన మౌంజారో, వెగోవి లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడేవాళ్లకు ఆకలి బాగా పడిపోతుంది కాబట్టి ఈ ముప్పు ఎక్కువ. పొట్ట తగ్గడంతో నిలబడే తీరు కూడా మారుతుంది. ఏళ్ల తరబడి పొట్ట బరువుకు అలవాటుపడి వెనక్కి వంగిన నడుము కొత్త ఒంటికి సర్దుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది.

ఈ రెండింటి మధ్యలో ఇంకోటి ఉంది, చాలామందికి వచ్చేది అదే. తుంటి బయటి పక్క నొప్పి. పిరుదు కండను తొడ ఎముకకు పట్టి ఉంచే స్నాయువు దెబ్బతింటే వస్తుంది. నలభై దాటిన ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఆ పక్క పడుకోలేరు, మెట్లెక్కితే నొస్తుంది, ఒంటికాలి మీద నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకోవాలన్నా కష్టమే. మెత్తటి పరుపుతో రాత్రి నిద్ర పడుతుంది కానీ నొప్పి మానేది మాత్రం కండ గట్టిపడితేనే.

పరుపు కొనేముందు వీటిని చూసుకోండి

మీరు కావాలని బరువు తగ్గారా, దానంతట అదే తగ్గిందా? అన్నం ఎప్పటిలాగే తింటున్నా బరువు పడిపోతూ, దానికి నడుము నొప్పి తోడైతే అది పరుపు సమస్య కాదు. షుగర్, థైరాయిడ్, క్యాన్సర్, వెన్నుపూసకు వచ్చే టీబీ, ఇవన్నీ చూడాలి. మన దగ్గర వెన్ను టీబీ అరుదేమీ కాదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ఏ పక్క తిరిగినా తగ్గని రాత్రి నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితమే.

షుగర్ ఉన్న మధ్యవయసువాళ్లలో ఇంకో చిత్రమైన జబ్బు ఉంది. ఒక పక్క తుంటిలో, తొడ ముందు భాగంలో భరించలేని నొప్పి వస్తుంది. కొన్ని వారాల్లో ఆ తొడ సన్నబడి, కింద నుంచి లేవడం కష్టమవుతుంది. బరువు కూడా పడిపోతుంది. బరువు తగ్గడం వల్ల నొప్పి వచ్చిందని అందరూ అనుకుంటారు. నిజానికి రెండూ నరాలను పట్టిన ఆ జబ్బు నుంచే వస్తాయి.

గజ్జలో నొప్పి, కాలు లోపలికి తిప్పితే పట్టేయడం ఉంటే అసలు తుంటి కీలుకే ఏదో అయింది. గతంలో స్టెరాయిడ్ మందులు ఎక్కువ వాడినవాళ్లకు, మద్యం అలవాటు ఉన్నవాళ్లకు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లకు తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతినొచ్చు. ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది కాబట్టి అక్కడివాళ్లు ఈ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకునే విషయం కాదు అది.

పరుపు: గట్టిదా, మెత్తదా

నడుము నొప్పి అనగానే మనవాళ్లు ఇచ్చే మొదటి సలహా "కింద పడుకో". చాప, చెక్క బల్ల, గట్టి కొబ్బరిపీచు పరుపు. బరువు తగ్గినవాళ్లకు నేనైతే ఈ సలహా అస్సలు ఇవ్వను. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం పరుపు ఇచ్చి మూడు నెలలు గమనించారు. ఫలితాలు 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఎక్కువ మేలు జరిగింది మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే. పైగా మీ తుంటి మీద ఇప్పుడు కొవ్వు కూడా లేదు, చాప మీద పక్కకు పడుకుంటే ఒంటి బరువు అరచేయంత చోట పడుతుంది.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. పరుపు మారకపోయినా మీకు అది గట్టిపడినట్టే లెక్క. నూట పది కిలోల మనిషి పడుకుంటే తగినంత లోపలికి దిగే పరుపు, ఎనభై కిలోల మనిషికి అంత దిగదు. లావుగా ఉన్నప్పుడు ఏరికోరి కొన్న గట్టి ఆర్థో పరుపే ఇప్పుడు తుంటిని నొక్కుతుంది. ఆర్థో అన్న మాటకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఒక కంపెనీ ఆర్థో ఇంకో కంపెనీ మామూలు పరుపుకన్నా మెత్తగా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే పాత పరుపు మధ్యలో మీ పాత బరువుకు గుంతపడి ఉంటే సమస్య వేరు. గుంతలో నడుము కుంగుతుంది. దానిమీద ఎన్ని మెత్తలు వేసినా లాభం లేదు, పరుపు తిరగేయాలి, లేదంటే మార్చాలి.

పైసా ఖర్చు లేకుండా పరీక్ష చేయొచ్చు. ఇంట్లో మందపాటి బొంతలు ఉంటాయి కదా, రెండు తీసి మడతపెట్టి తుంటి, భుజం వచ్చే చోట పరుపు మీద పరచండి. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఒక వారం పడుకోండి. వెల్లకిలా పడుకునే అలవాటుంటే దిండు మోకాళ్ల కింద పెట్టండి. తెల్లవారుజామున మెలకువ రావడం తగ్గితే మీది ఒత్తిడి నొప్పే, మెత్త కొనడంలో అర్థముంది. ఏమీ తేడా లేకపోతే కొత్త పరుపు కొన్నా తేడా ఉండదు.

కొనాలనుకుంటే మొత్తం పరుపుకన్నా దానిమీద వేసే టాపర్‌తో మొదలుపెట్టండి. రెండు అంగుళాల మందం చాలు, ధర కొత్త పరుపులో చిన్న భాగమే. బరువు ఇంకా తగ్గుతూ ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. ఆరు నెలల తర్వాత మీ బరువెంతో తెలియనప్పుడు పదేళ్లకు సరిపోయే పరుపు ఇప్పుడే కొనడం ఎందుకు?

ఏ రకం టాపర్ అన్నది మీ గదిలో ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. మెమరీ ఫోమ్ తుంటి కింద బాగా ఒదుగుతుంది, ఒత్తిడి నొప్పికి అంతకన్నా సుఖమైంది లేదు. కానీ ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది, వేడికి ఇంకా మెత్తబడుతుంది. మే నెల వరంగల్ ఎండల్లో, రామగుండం వైపైతే ఇంకా చెప్పక్కర్లేదు, కూలర్ గదిలో దానిమీద పడుకోవడం శిక్షే. ఏసీ లేని ఇంటికి లాటెక్స్, అంటే రబ్బరు ఫోమ్, మేలు, గాలి ఆడుతుంది, ఏళ్ల తరబడి గుంతపడదు. బరువెక్కువ, ఖరీదూ ఎక్కువ.

మామూలు ఫోమ్ చవక, కాకపోతే సాంద్రత తక్కువైతే ఏడాది తిరిగేసరికి అట్టలా అయిపోతుంది. కొబ్బరిపీచు పరుపు ఒంటరిగా వద్దు, కింద అది ఉండి పైన టాపర్ వేస్తే మంచి జోడీ. స్ప్రింగ్ పరుపుల్లో ప్రతి స్ప్రింగూ విడిగా సంచిలో ఉండేవి, అంటే పాకెట్ స్ప్రింగ్‌వి, ఫర్వాలేదు.

దూది పరుపును తీసిపారేయకండి. ఎనుమాముల పత్తి మార్కెట్ పక్కనే ఉన్న ఊళ్లో దూదికి కరువేమీ లేదు. కొత్తగా ఏకించి కుట్టించిన దూది పరుపు మొదట్లో తుంటికి చాలా హాయి, వేసవిలోనూ చల్లగా ఉంటుంది. రానురాను గడ్డలు కట్టి గట్టిపడుతుంది, మళ్లీ ఏకించాలి, ఎండలో వేయాలి. ఆ ఓపిక ఉన్న ఇంటికి అది సరైన ఎంపికే. నులక మంచం మాత్రం కుంగి ఉంటే వద్దు. తుంటికి సుఖంగానే అనిపిస్తుంది, నడుము మాత్రం ఉయ్యాలలో పడుకున్నట్టు వంగిపోతుంది. నవారు బిగించిన మంచం మీద బొంత వేసుకుంటే ఎంతో నయం.

షాపులో పరుపు చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. చెప్పులు విప్పి, మీరు ఇంట్లో పడుకునే పక్కకే తిరిగి పది నిమిషాలు పడుకోండి. సేల్స్‌మన్ ఏమనుకుంటాడో అని మొహమాటం వద్దు. తుంటి కింద ఒత్తుకోకుండా, నడుము కింద ఖాళీ లేకుండా ఉంటే అది మీ పరుపు.

కూర్చోవడానికి ఏది

ముడ్డిపూస నొప్పికి మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి దిండు కొంటారు చాలామంది. అది మొలల ఆపరేషన్ అయినవాళ్ల కోసం అలవాటైన వస్తువు, ముడ్డిపూసకు అంత సరిపడదు. వెనక భాగంలో కోత ఉండి ముడ్డిపూస గాల్లో ఉండేలా చేసే దిండు దానికన్నా మంచిది. కూర్చునే ఎముకల నొప్పికి కోతలూ చిల్లులూ అక్కర్లేదు, మందమైన ఫోమ్ లేదా జెల్ దిండు చాలు. కూర్చున్నాక దాని కింద చెయ్యి పెట్టి చూడండి. ఎముక చేతికి తగులుతుంటే దిండు పలుచన.

పెళ్లిళ్లలో, వ్రతాల్లో కింద కూర్చోక తప్పదు. కొత్తవాడ జంపఖానా నాలుగు మడతలు పెట్టి దానిమీద కూర్చుంటే తుంటి మోకాళ్లకన్నా ఎత్తులో ఉంటుంది, నడుము కూడా నిటారుగా నిలుస్తుంది. వెనక జేబులో పర్సు తీసేయండి. కాలు మీద కాలు వేసుకోవడం మానేయండి, దీనికి అసలు కారణం నొప్పి కూడా కాదు. మోకాలి బయటి పక్కన, కాస్త కిందుగా చర్మం కిందే ఒక నరం వెళ్తుంది. కొవ్వు పోయాక దానికి రక్షణ ఉండదు. గంటల తరబడి కాలు మీద కాలు వేసుకుంటే అది నలిగి పాదం ముందు భాగం పైకి లేవడం ఆగిపోతుంది, చెప్పు జారిపోతుంటుంది. అలా జరిగితే వెంటనే న్యూరాలజిస్టును కలవండి.

హైదరాబాద్ ప్రయాణానికి బస్సా, రైలా అంటే రైలే. కాజీపేట నుంచి లేచి నడుస్తూ, తలుపు దగ్గర కాసేపు నిలబడుతూ పోవచ్చు. బస్సే ఎక్కాల్సి వస్తే వెనక చక్రం మీది సీటు, చివరి వరస వదిలేయండి. బైక్ వాళ్లకు గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్ మీద కాస్త లేవడం ఏ జెల్ సీట్ కవర్‌కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

నడకా, బరువులా, యోగానా

బరువు తగ్గిన అలవాటులో చాలామంది నడకనే పెంచుకుంటూ పోతారు. భద్రకాళి బండ్ మీద, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున చూస్తే తెలుస్తుంది. నడక గుండెకు, షుగర్‌కు మంచిదే. కండ పెంచడం దాని పని కాదు. తుంటి పక్క నొప్పి ఉన్నవాళ్లు రోజూ పది వేల అడుగుల పట్టుదలతో నడిస్తే నొప్పి ముదురుతుంది. నడకను సగానికి తగ్గించి, మిగిలిన సమయం వారంలో మూడు రోజులు కండకు ఇవ్వమని నా సలహా.

జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీలో కూర్చుని చేతులు వాడకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, యోగాలో సేతుబంధాసనం అనేది ఇదే. చేతులు, మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం. గోడ పట్టుకుని కాలును పక్కకు ఎత్తడం. ఒక్కోటి పదిసార్లు, రెండు మూడు విడతలు. తేలికైపోతే చేతిలో నీళ్ల సీసా పట్టుకోండి, తర్వాత ఇంకా బరువు పెంచండి. నొప్పి కొంచెం ఉండి మర్నాటికి తగ్గితే కొనసాగించవచ్చు. మర్నాడు పెరిగితే మోతాదు ఎక్కువైనట్టు.

యోగా మీద నాకు ఒక్కటే అభ్యంతరం. తుంటి పక్క నొప్పి ఉన్నవాళ్లు మోకాలిని ఎదురు భుజం వైపు లాగే సాగదీతలు చేస్తే ఆ స్నాయువు ఎముకకు ఇంకా ఒత్తుకుంటుంది. చేసేటప్పుడు హాయిగా ఉంటుంది, రాత్రికి నొస్తుంది. ఒక కాలి మీదే బరువు వేసి నిలబడే అలవాటూ అలాంటిదే. పద్మాక్షి గుట్ట మెట్లు నొప్పి తగ్గాక ఎక్కొచ్చు, ఇప్పుడే తొందర వద్దు.

తిండి సంగతి. కండ కట్టాలంటే కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. డెబ్బై కిలోల మనిషికి 70 నుంచి 84 గ్రాములు. మన పళ్లెంలో అన్నం కుప్పగా, పప్పు చెంచాడుగా ఉంటే అది అందదు. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు, ఎండు మీల్‌మేకర్ 50 గ్రాముల్లో పాతిక గ్రాముల దాకా. జొన్నరొట్టె తినడం మంచిదే, పక్కన కోడిగుడ్డో, గట్టి పప్పో ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్క డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు. విటమిన్ డి, బీ12 ఒకసారి పరీక్ష చేయించుకోండి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ బిళ్ల వాడేవాళ్లు, బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవాళ్లు తప్పనిసరిగా. వారానికి ఒకటి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడిని మెడికల్ షాపులో కొని నెలల తరబడి సొంతంగా వేసుకోవద్దు, ఎక్కువైతే కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

ఎవరి దగ్గరికి

పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకపోతే మొదట ఫిజియోథెరపిస్టు. మిషన్లు పెట్టి పంపేసేవాళ్లు కాకుండా, మిమ్మల్ని నిలబెట్టి, నడిపించి, ఒంటికాలి మీద ఉంచి చూసి వ్యాయామాలు నేర్పేవాళ్లను వెతకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోతే ఎముకల డాక్టర్. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో ఆర్థో ఓపీ ఉంది, రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి.

మాలిష్ హాయినిస్తుంది, అంతవరకే. ఎముక పైన గట్టిగా రుద్దనీయకండి. నడుము బెల్టు ప్రయాణానికో, బరువు పని ఉన్న రోజుకో వాడొచ్చు. రోజంతా పెట్టుకుంటే అసలే తగ్గిన కండకు పని ఇంకా తగ్గుతుంది. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీ, అల్సర్ సమస్యలున్నవాళ్లకు మంచివి కావు. బైపాస్ రకం బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవాళ్లు వాటిని ముట్టకూడదు, కుట్టిన చోట పుండు పడొచ్చు. మెడికల్ షాపతనికి మీ ఆపరేషన్ సంగతి తెలియదు, మీరే చెప్పాలి.

తుంటి పక్క నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అడిగేవాళ్లూ ఉంటారు. పెళ్లి పది రోజుల్లో ఉంది, రాత్రి నిద్రే లేదంటే అది అర్థం చేసుకోదగ్గదే, కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ రోజుల్లో షుగర్ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఆస్ట్రేలియాలో ఇంజెక్షన్‌నీ వ్యాయామాన్నీ పక్కపక్కన పెట్టి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిది వారాలకే వ్యాయామం చేసినవాళ్లలో బాగుపడ్డామన్నవాళ్లు ఎక్కువ, ఏడాది తర్వాత కూడా అంతే.

ఎంఆర్ఐ గురించి. వయసు నలభై దాటిన ఎవరి నడుము తీసినా ఏదో ఒక డిస్క్ ఉబ్బి కనిపించే అవకాశం ఎక్కువ, నొప్పి లేనివాళ్లకు కూడా. కాలులోకి పాకే నొప్పి, తిమ్మిరి, బలహీనత లేకుండా సొంతంగా స్కాన్ తీయించుకుంటే ఆ రిపోర్టు చూసి టెన్షన్ పడటమే మిగులుతుంది. డాక్టర్ చెయ్యి పెట్టి చూడకముందే స్కాన్ రాస్తే, దేనికోసం వెతుకుతున్నారో అడగండి.